ఆయుధపూజ నాటి బంతిదండ

అడవిపందుల బెడద పెరిగాక ఆ ఊళ్లో ఇంటింటికీ మాట్లాడే తుపాకి వచ్చింది. దసరానాడు లసుమవ్వ కోడలు స్వరూప దానికి బొట్లు పెట్టి బంతిదండ వేసింది. హారతి ఇస్తుంటే కొంగు తగిలి తుపాకి పక్కకు ఒరిగింది. దాని మూతి స్వరూప పాప నిద్రపోతున్న ఉయ్యాల వైపు తిరిగింది. దండ దారం ట్రిగ్గర్‌ను లాగింది.

"నన్ను లాగింది వేలు కాదు, దారం. పేలను," అంది తుపాకి. "కానీ లోపల తూటా ఉంది."

"తూటాల డబ్బా తీసిన గద అత్తమ్మా!" అంది స్వరూప.

"డబ్బా తీస్తే అయితదా బిడ్డా? గొట్టంల ఒకటి ఉంటది. బోల్టు గుంజి కండ్లార జూడాలె," అంది లసుమవ్వ.

స్వరూప తుపాకిని మట్టిగోడ వైపు తిప్పి బోల్టు పిడి వెనక్కి లాగింది. తూటా ఎగిరి హారతి పళ్లెంలో ఖంగుమని పడింది. ఆ చప్పుడుకు పాప లేచి గుక్కపట్టి ఏడ్చింది.

ఊరుకోబెట్టాలని ఇద్దరిలో ఎవరికీ అనిపించలేదు.