చల్లగానే ఉంది

మా ఆయన, కంపెనీ షోరూంలో కాంక్రీటు బ్లాకుకి ఒక పక్క గ్యాస్ మంట పెట్టి, రెండో పక్క అరచెయ్యి ఆనించి, "చూశారా, చల్లగానే ఉంది" అని నవ్వుతాడు. ఆ నవ్వు చూసే జనం కొంటారు.

ఫ్యాక్టరీలో ఆ బ్లాకులు కోసేది నేను. ఒకప్పుడు కోస్తే లోపల ఆవగింజలంత బుడగలు, దేనికది మూసుకుని ఉండేవి. వాటిలో గాలి కదిలేది కాదు, వేడి దాటేది కాదు. ఇప్పుడు కాంక్రీటుని ఆదరాబాదరాగా పొంగిస్తున్నారు. బుడగలు పగిలి, ఒకదాన్లో ఒకటి కలిసిపోయి, లోపలంతా సొరంగాలే.

నిన్న షోరూంలో జనం వెళ్ళాక, మంట పెట్టిన బ్లాకు వెనక వేలు ఆనించి చూశాను. చుర్రుమంది.

"రేపు వాళ్ళ ఇళ్ళు కుంపట్లవుతాయి. నవ్వుతూ ఎలా అబద్ధమాడతావయ్యా?" అని దులిపేశాను.

"ఏళ్ళ తరబడి చెయ్యి పెడుతున్నది నేను. చల్లగానే ఉంటోందే!"

"అమ్మకాల కోసం ఏ గడ్డి అయినా కరుస్తావన్నమాట."

ఆయన మొహం మాడిపోయింది.

ఇవాళ పొద్దున పాప పక్క మీంచి లేవలేదు. ఆయన దాని నుదుటి మీద అరచెయ్యి ఆనించి, "ఏం లేదు, చల్లగానే ఉంది. బడి ఎగ్గొట్టే వేషాలు" అని నవ్వాడు.

నేనూ చెయ్యి వేశాను. పిల్ల ఒళ్ళు పెనంలా కాలిపోతోంది.

మెల్లగా ఆయన చెయ్యి అందుకుని, అరచేతిలో గోరు దిగేలా గుచ్చాను.

ఆయన పాపకేసి చూస్తూ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.