సున్నా కంటే కింద

“కొనెయ్యరా అబ్బాయ్, ఆలోచించమాక! పీపా తొమ్మిది వందల డెబ్భై అంటే మాటలా?” హనుమయ్య ఫోన్లో అరిచాడు.

అవతల తెనాలిలో రవిశంకర్. ఊరి వరసకి కొడుకవుతాడు. బంగారం, పసుపు, ముడి చమురు లాంటి సరుకుల మీద జనం చేత బేరాలు కట్టించే ఆఫీసు నడుపుతాడు. కరోనా లాక్‌డౌనుకి షట్టరు దించి నెల కావస్తోంది. ఇప్పుడు ఇంట్లోంచే పని.

“ఇది పసుపు కాదు బాబాయ్. విమానాలు ఆగినయ్, బళ్ళు ఆగినయ్. చమురు కాల్చేవాడే లేడు. పైగా ఈ నెల బేరానికి ఇవాళే ఆఖరు. వద్దులే.”

“నాకు చెప్పేదేంటిరా! జనవరిలో నాలుగు వేలు పలికిన సరుకు. ఇంకెంత పడిద్ది? మహా అయితే సున్నా. సున్నా కింద ధర ఉంటదా ఎక్కడన్నా?”

“ఉండదనుకో...”

“మరి! నా పసుపు డబ్బు రెండు లక్షల దాకా నీ దగ్గరే ఉన్నయ్ గదా. రెండొందల పీపాలు రాసెయ్. ధర మొత్తం కట్టేస్తున్నా, అప్పూ గిప్పూ లేదు.”

“సరే, నీ ఇష్టం బాబాయ్,” అన్నాడు రవిశంకర్ నిట్టూర్చి.

అది 2020 ఏప్రిల్ ఇరవై, సోమవారం మధ్యాహ్నం. హనుమయ్య అంతే, ఒకటి పట్టాడంటే బ్రహ్మదేవుడు దిగొచ్చినా వదలడు. నగరం అనే ఊరి దగ్గర అతనికి సొంతం ముప్పై సెంట్లు. ఇరవై ఏళ్ళు భార్యాభర్తలిద్దరూ కూలికెళ్ళి కొన్న పొలం చెక్క. మిగతాదంతా కౌలు. ఆ ముప్పై సెంట్లే లేకపోతే తనని రైతు అనేవాడుండడని అతని భయం. పసుపు ధర పడితే అమ్మకుండా కోల్డు స్టోరేజీలో పెట్టడం, లేచాక తీయడం, అతనికి తెలిసిన వ్యాపారం ఇదొక్కటే. చమురూ అట్లాగే ఎక్కడో ట్యాంకులో తన పేరున పడి ఉంటుందనుకున్నాడు.

బుధవారం పొద్దున మూతికి మాస్కు కట్టుకుని రవిశంకర్ బండి మీద వచ్చాడు. అరుగుకి దూరంగా నిలబడి తల దించుకున్నాడు.

“కొంప మునిగింది బాబాయ్.”

“టీవీలో చూశాలేరా. రెండు లక్షలూ పోయినయ్, అంతేగా?”

“అంతే అయితే ఏడుపెందుకు? సున్నా దగ్గర ఆగలా. పీపాకి మైనస్ రెండు వేల ఎనిమిది వందల ఎనభై నాలుగు దగ్గర లెక్క తేల్చారు. మనం ఇంకా ఐదు లక్షల డెబ్భై ఆరు వేల ఎనిమిది వందలు కట్టాలి.”

హనుమయ్య భార్య ఆదిలక్ష్మి గడపలోంచి విసురుగా బయటికి వచ్చింది. “అదేం లెక్కయ్యా? రెండు లక్షలు పెట్టి కొన్న సరుకు మీద ఐదు లక్షలు ఎదురు కట్టడమేంటి? ఏ ఊళ్ళో చోద్యం?”

జవాబు హనుమయ్యే చెప్పాడు.

“ఊరుకోవే. కోల్డు స్టోరేజీలు నిండిపోయిన ఏడాది ఏం చేశాం మనం? గేటు ముందు మూడు రోజులు లారీ ఆపాం. ఆఖరికి వానకి తడిసిన పసుపు కాలవ గట్టున పారబోసి, దించిన కూలోళ్ళకి ఎదురు డబ్బులిచ్చాం. అక్కడా అంతే. ట్యాంకులు నిండినయ్. పెట్టుకునే చోటు లేనోడు కొన్నాడు. ఆ ఎదవని నేనే.”

ఆదిలక్ష్మి రవిశంకర్ వైపు తిరిగి, “కొంటే ఫోనుకి మెసేజీ వచ్చిద్దన్నావుగా అబ్బాయ్, రాలేదే?” అంది.

“బాబాయ్ పేరున ఖాతా ఇంకా తెరవలేదుగా పిన్నీ. నా ఖాతాలోనే రాశా. అందుకే కంపెనీవాళ్ళు నా మెడ మీద కూర్చున్నారు.” రవిశంకర్ జేబులోంచి బండి తాళం తీశాడు. “పోనీలే. మా ఆవిడ గాజులున్నయ్, ఈ బండి ఉంది. నేనే ఏదో ఒకటి చేస్తాలే.”

హనుమయ్య అరుగు దిగాడు. వద్దు వద్దన్న పిల్లాణ్ణి తనే ఈ రొంపిలోకి లాగాడు.

“నా బేరానికి నీ పెళ్ళాం గాజులేంటిరా! ఆ ముప్పై సెంట్లు అమ్మి పారేస్తా.”

“ఆ పొలం జోలికి మాత్రం నేను రాను బాబాయ్.”

“నోర్ముయ్. తలెత్తుకు తిరగాలి నేను.”

“ఈ కరోనాలో ఎవడు కొంటాడు? సగానికి అడుగుతారు.” రవిశంకర్ మాస్కు సర్దుకున్నాడు. “అంతగా అంటే నా పేరున రాయి. ఎకరం ఇరవై లక్షల లెక్కన ఆరు లక్షలు. కంపెనీకి నేను కట్టుకుంటా. రిజిస్ట్రేషను తర్వాత చూసుకుందాం.”

శనివారం స్టాంపు కాగితం మీద హనుమయ్య సంతకం చేశాడు. పాస్‌పుస్తకం తువ్వాలుతో తుడిచి ఇచ్చాడు. ఆదిలక్ష్మి ఇంట్లోకి వెళ్ళి తలుపు మూసుకుంది, లోపల్నించి ఏడుపు వినపడుతూనే ఉంది. మిగిలిన ఇరవై మూడు వేల రెండు వందలూ రవిశంకర్ పైసాతో సహా అరుగు మీద పెట్టాడు. హనుమయ్య చేతులు జోడించబోతే గబుక్కున పట్టుకుని ఆపాడు.

“నీలాంటోడు ఉండబట్టి పరువన్నా దక్కిందిరా,” అన్నాడు హనుమయ్య.

బండి కాలవ మలుపు తిరిగాక మూసిన తలుపు ముందు కూలబడ్డాడు. “వాణ్ణి తిట్టుకోమాకే. వాడేం చేస్తాడు పాపం, నేను కొనమంటేనేగా కొన్నాడు,” అన్నాడు లోపలికి వినపడేలా.

ఆ సోమవారం రవిశంకర్ ఒక్క పీపా కూడా కొనలేదు.