పంది ముందు ప్రార్థన

"వందనాలు బాబూ!"

వెనకనుంచి తెలుగు వినబడేసరికి షాలేం రాజు బటన్ మీంచి చెయ్యి తీసేశాడు. ఓక్లహామా బోర్డర్ దాటాక, ఈ కాసినోలో, అదీ ఓ మూలకి నెట్టేసిన పాత జూదం మెషిన్ల మధ్య తనను గుర్తుపట్టేదెవరులే అనుకున్నాడు. భార్య జెనిఫర్‌తో ఆఫీస్‌లో ప్రొడక్షన్ ఇష్యూ అని చెప్పి మరీ వచ్చాడు.

తిరిగి చూస్తే కరుణమ్మగారు. తమ ఊరు కాపెల్‌లో, తెలుగు చర్చిలో సండే స్కూల్ నడిపే పెద్దావిడ. నేత చీర, పైన స్వెట్టర్, చంకలో హ్యాండ్‌బ్యాగ్.

"వందనాలు ఆంటీ. మీరేంటి ఇక్కడ?"

"సీనియర్స్ బస్సు తీసుకొచ్చిందయ్యా. భోజనం ఫ్రీ అంటే అందరం ఎక్కాం. నా సంగతి సరే, రేపు పొద్దున క్వయర్‌లో పాడాల్సినవాడివి, నువ్వేంటి ఇక్కడ?"

ఈవిడ ఒక్క మాట జారితే చాలు, క్వయర్ పోతుంది, పరువు పోతుంది. జెనిఫర్ అయితే పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోతుంది. పోయినసారి దొరికినప్పుడే, ఇదే ఆఖరు అని చెప్పేసింది.

ఆవిడ మెషిన్ వంక చూసింది. పైన గులాబీరంగు పంది బొమ్మ, దాని పొట్ట నిండా నాణేలు.

"మధ్యలో ఈ పందేంటి?"

"మూడు గళ్ళూ ఖాళీగా వస్తే పంది కడుపులో ఓ కాయిన్ పడుతుంది ఆంటీ. సుత్తి బొమ్మ వచ్చినప్పుడు పంది పగిలి మొత్తం ఇచ్చేస్తుంది."

"పగిలిందా మరి?"

"పొద్దున్నుంచీ ఒక్కసారి కూడా పగల్లేదు."

"అంటే పొద్దున్నుంచీ నువ్వు పోసిందంతా దాని పొట్టలోనే ఉందన్నమాట!" ఆవిడ అతని భుజం పట్టుకుంది. "మీ నాన్న నిన్ను అంత కష్టపడి చదివించింది పందికి మేత వెయ్యడానికా? లే!"

"ఇంకొంచెం సేపు ఆంటీ. ఇప్పుడు లేస్తే ఎవడో వచ్చి కొట్టుకుపోతాడు."

"పోనీ! ఆ పాపమేదో వాణ్ణే మొయ్యనీ."

రాజు తల దించుకున్నాడు. ఆవిడ అక్కడే, ఆ గంటల మోతలోనే, అతని నెత్తిన చెయ్యివేసి ప్రార్థన మొదలుపెట్టింది. చిన్న ప్రార్థనేం కాదు. మన పెద్దవాళ్ళు మొదలుపెడితే తెలుసుగా, చుట్టపక్కాలందర్నీ పేరుపేరునా తలుచుకుంటే గాని ఆమెన్ రాదు. పక్క మెషిన్ ముందున్న దొరసాని కూడా భయపడి సిగరెట్ ఆర్పేసింది. రాజు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. అయినా కన్నీళ్ళు ఆగలేదు. నిజంగానే సిగ్గేసింది.

ఆమెన్ అనగానే లేచి నిలబడ్డాడు.

"ఎవరికీ చెప్పకండి ఆంటీ."

"నేనెందుకు చెబుతాను? పోయిన నెల మన చర్చి కుర్రాడు సత్యాన్ని కూడా ఇక్కణ్ణించే లేపాను. ఎవరికైనా చెప్పానా? నువ్వు మాత్రం మళ్ళీ ఈ మెషిన్ల ఛాయలకి రాకు."

"దేవుడి సాక్షిగా రాను. పదండి, మిమ్మల్ని ఇంటి దగ్గర డ్రాప్ చేస్తాను."

"నాకు బస్సుందిగా. నువ్వు తిన్నగా జెనిఫర్ దగ్గరికి వెళ్ళు."

అంత తేలిగ్గా రాజు నడిచి చాలా కాలమైంది. ఆవిడ తలుపు దాకా వచ్చి సాగనంపింది. అతను కారు రివర్స్ చేస్తూ చూస్తే, అద్దాల వెనక నిలబడి ఇంకా చెయ్యి ఊపుతూనే ఉంది. దేవుడు తనకోసమే ఆవిణ్ణి ఆ బస్సు ఎక్కించాడనుకున్నాడు.

కారు కనుమరుగవగానే కరుణమ్మగారు గబగబా వెనక్కొచ్చి, ఇంకా వేడి ఆరని ఆ కుర్చీలో కొంగు దోపుకుని కూర్చుని, హ్యాండ్‌బ్యాగ్‌లోంచి బంగారురంగు మెంబర్ కార్డు తీసి గుచ్చితే, పంది కిందున్న చిన్న తెర మీద ఎర్రటి అక్షరాలు పరిగెత్తాయి: "వెల్‌కమ్ బ్యాక్, కరుణమ్మ!"