తలుగు

"చెయ్యి పక్కకు పెట్టు," అంది సక్కుబాయి, బర్రెను కట్టే తలుగు తెచ్చి.

"నన్నెందుకు కడ్తున్నవ్ అత్తమ్మా? ఎల్‌కేజీకి పోయేది వెన్నెల గద!" అంది సమత.

"పాలు మాన్పించినప్పుడు దుడ్డె ఏడ్వదే. జర పచ్చగడ్డి ఏస్తే మర్చిపోతది. తలుగు తెంపుకునేది బర్రె."

కోడలి నడుముకు చుట్టిన తలుగును కొట్టంలోని కట్టుకొయ్యకు బిగించింది.

"వ్యాను కనపడకుండ పోయేదాంక ఇప్పను. ఒక్కరోజు ఇప్పితే అలవాటైతది."

సమత కూతురు, నాలుగేళ్ల వెన్నెల బూట్లు తొడుక్కుంటూ అంతా వింటోంది.

మొయినాబాద్ బడి వ్యాను వచ్చింది. వెన్నెల నీళ్ల సీసా మెడలో వేసుకుని, వెనక్కైనా చూడకుండా ఎక్కి కూర్చుంది.

వ్యాను కదలగానే సమత ముందుకు దూకింది. కొయ్య ఊగింది. తను అంత బలంగా లాగలేదే అని పక్కకు చూసింది. ఎప్పుడు కట్టుకుందో, అదే కొయ్యకు ఇంకో తలుగుతో అత్తమ్మ!

"గట్ల చూస్తవేందే? గుంజు!"

కొయ్య ఊడింది. కనకమామిడి రోడ్డు మీద అత్తాకోడళ్లు దాన్ని ఈడ్చుకుంటూ వ్యాను వెంట పరుగెత్తారు. డ్రైవరు జాలిపడి బ్రేకు మీద కాలు వేశాడు.

కిటికీలోంచి వెన్నెల గొంతు వినిపించింది.

"ఆపకు అంకుల్! ఒక్కరోజు ఆపితే అలవాటైతది."