పొట్ట కదలకూడదు

"శవానికి ఊపిరి ఆడుతోందయ్యా," అన్నాడు డైరెక్టర్ గిరీశ్, మానిటర్ మీది నుంచి తల ఎత్తకుండా. "ఇంగోసారి."

మూతపడిన బంగారు గని పక్కన, ఖనిజం కడిగి పోసిన సైనైడ్ మట్టి దిబ్బ కింద స్ట్రెచర్ మీద పడుకున్న శవం లేచి కూర్చుంది. దాని పేరు దర్శన్. మిట్టమధ్యాహ్నం ఎండలో ఒంటి మీద గని కార్మికుడి మందపాటి కోటు, ఆ పైన కంబళి. బెంగుళూరులో నటన నేర్చుకుని, సొంతంగా ఒక సినిమా కథ రాసుకుని తిరుగుతున్న అతనికి దొరికిన మొదటి వేషం ఇది. మాటల్లేవు, కదలికల్లేవు. అయినా ఒప్పుకున్నాడు. ఈ షాట్ ఓకే అయితే కథ వింటానని గిరీశ్ మాటిచ్చాడు మరి.

బంగారుపేటలో కిరాణా అంగడి మూసి మరీ కొడుకు వేషం చూడవచ్చిన విశాలమ్మ మజ్జిగ చెంబు అందించింది.

"తాగప్పా. ముఖం ఎట్లుండాదో చూసుకున్నావా?"

"మేకప్పమ్మా అది."

"మేకప్పుకు చెమట గూడా నిలిచిపోతుందా?"

"వద్దమ్మా. పొట్టలో ఏమన్నా పడితే కదులుతాది. శవం వేసేవాడు పొద్దున్నుంచి ఏమీ ముట్టకూడదని మా మాస్టరు చెప్పినాడు."

"బీకాం చదివించింది ఇందుకేనా? ఊరికే పడుకునేదానికి ఇంట్లో మంచం లేకపాయెనా?"

శవం మీద పడి ఏడ్చే వేషానికి వచ్చిన సొన్నమ్మ కిసుక్కున నవ్వింది. "నీ కొడుకు పడుకుంటాడు, నేను ఏడుస్తాను. ఇద్దరికీ ఒకటే భోజనం. వానిదే మేలు గదా విశాలమ్మా."

"టేక్!"

దర్శన్ కళ్లు మూసుకున్నాడు. మొదట్లో ఊపిరి బిగబట్టడం కష్టంగానే ఉంది. కోటు లోపల పొయ్యి రగిలించినట్టుంది. తల గిర్రున తిరిగింది. కథ గుర్తుకు తెచ్చుకుని పళ్లబిగువున ఓర్చుకున్నాడు. తర్వాత ఎప్పుడో ఆ వేడి తగ్గిపోయింది. కంబళి బరువు తెలియలేదు. కనురెప్ప మీద చీమ పాకినా దులుపుకోవాలనిపించలేదు. సొన్నమ్మ ఏడుపు గని అడుగు నుంచి వస్తున్నట్టు సన్నగా వినిపిస్తోంది. నటన మానేసి పాత్రే అయిపోవడమంటే ఏమిటో మాస్టరు ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కలేదు. ఇదే కాబోలు, ఇంత సులభమా అనుకున్నాడు.

"కట్. ఓకే," అన్నాడు గిరీశ్. "అబ్బ, ఏం చేసినాడయ్యా! పొట్ట చూడు, బండరాయే. రక్షితా, ఈ అబ్బాయిని మన కార్లో ఎక్కించు. దోవలో కథ వింటాను."

దర్శన్ ప్రాణం లేచొచ్చింది. మొదటి సీను ఎక్కడ మొదలుపెట్టాలో అప్పుడే ఆలోచించసాగాడు.

"లేవద్దప్పా," అని అసిస్టెంటు రక్షిత కెమెరాను దగ్గరికి తెప్పించింది. "నవ్వు షాట్ ఉండాది."

శవంగా వేసినవాడు అదే వేషంలో కళ్లు తెరిచి, కెమెరాను చూసి నవ్వాలి. ఆ నవ్వును సినిమాలో వాడరు. కీడు పోవడానికి తీస్తారంతే. దేవుణ్ణి నమ్మని నిర్మాతలు కూడా ఇది తీయకుండా ఇంటికి పోరు.

"దర్శన్, నవ్వు."

కెమెరా తిరుగుతోంది.

"నవ్వప్పా. అందరూ ఆకలితో ఉండారు."

"పాత్రలో నుంచి బయటికి రాడేమో," అన్నారెవరో. ఒకరిద్దరు నవ్వారు. సొన్నమ్మ నవ్వలేదు. కంబళి మీది నుంచి చేతులు తీసేసి రెండడుగులు వెనక్కి జరిగింది.

విశాలమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చి కొడుకు చెంప మీద తట్టింది. తట్టిన చెయ్యి అక్కడే ఉంచేసింది.

"చాల్లే నాయనా వేషం," అంది మెల్లగా. "సారు నీ కథ వింటాడంట. ఒక్కసారి నవ్వు."

నవ్వమన్నప్పటి నుంచీ దర్శన్ తన మటుకు నవ్వుతూనే ఉన్నాడు.