రాట కింద నేల

కూతురి పెళ్లికి పెరట్లో రాట పాతుదామని వీరాయమ్మ గునపం ఎత్తిందో లేదో, గ్యాసు కంపెనీ సూపర్‌వైజరు ఊడిపడ్డాడు. కోనసీమలో అందరిలాగే ఆవిడా జానెడు లోతు నుంచి కిందున్న నేలంతా కంపెనీకి లీజుకిచ్చేసింది. వంగమొక్కలు కూడా అప్పట్నుంచీ బకెట్లలోనే కాస్తున్నాయి.

“రాటకి మూరెడు గొయ్యి కావాలి బాబూ.”

“పై జానెడే మీదండి. కింద జానెడు మాది.”

“పోనీ, మట్టి పోయించి పెరడు ఎత్తు చేసుకుంటాను.”

“మీ నేల ఎంత లేస్తే, దానెనకాలే మాదీ లేస్తాదండి.”

ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకునేసరికి అతను కరిగిపోయి, కంపెనీ తరఫున తనే రాట పాతించాడు. అక్కడే వచ్చింది తంటా. రాట మొదలు ఎవరి నేలలో ఉంటే పెళ్లికూతురు వాళ్ల గోత్రానిదే అన్నారు పురోహితుడు సోమయాజులుగారు. కంపెనీది ఏం గోత్రమో కనుక్కుందామని సూపర్‌వైజరు హెడ్డాఫీసుకు ఫోన్ చేశాడు.

“పైడిపాల గోత్రమంటండి. లీజుకిచ్చిన రైతుల్లో ఎక్కువమందిది అదేనని తీర్మానం చేసుకున్నారంట.”

వీరాయమ్మ నెత్తి కొట్టుకుంది. “ఓరి నాయనో, పెళ్లికొడుకుదీ అదే!”

“అయితే అన్నాచెల్లెళ్లే,” అని పంతులుగారు పంచాంగం మూసేశారు. “ఒకటే దారి. వేరే గోత్రం వాళ్లెవరైనా పిల్లని కంపెనీ దగ్గర దత్తత తీసుకోవాలి.”

“ఎవరో ఎందుకండీ, నేనే తీసుకుంటాను!”

తొమ్మిది నెలలు మోసి కన్న కూతుర్ని దత్తత తీసుకోవడానికి, వీరాయమ్మ మొగుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని పీటలెక్కింది. సూపర్‌వైజరు పిల్ల చెయ్యి ఆవిడ చేతిలో పెట్టి, కాగితం మీద సంతకం చేయించుకున్నాడు.

“ఇంక పిల్ల మీదేనండి,” అన్నాడు. “కాపోతే, అత్తారింటికెళ్లినా సరే, అరికాళ్ల కింద జానెడు దాటిన నేలంతా మాదే.”