సంత హాల్లో ముహూర్తం

"పెళ్లేంటి? ఇవాళ కూల్చేసే బిల్డింగులో పెళ్లేంటి?"

ఇంజనీరు ప్రసన్నకుమార్ గుమ్మంలోనే ఆగిపోయాడు. కింద గల్లీలో జేసీబీ గుర్రుమంటోంది. పైన హాల్లో సన్నాయి మోగుతోంది. పీటల మీద నరేష్‌కుమార్, అలేఖ్య. ఎదురుగా పంతులు గొంతెత్తి మంత్రాలు చదువుతున్నాడు.

నరేష్ తల్లి భాగ్యమ్మ కొంగు నడుముకు దోపుకుని ఎదురొచ్చింది.

"ముహూర్తం గిప్పుడే ఉన్నది సారూ. తాళి పడ్డంక మీ పని మీరు చేస్కోండ్రి. జర ఆగుండ్రి."

"నోటీసు ఎప్పుడో అంటించాం కదమ్మా! దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా అడుగడుగునా ఫంక్షన్ హాళ్లే. ఇదే దొరికిందా మీకు?"

"మా ఇంట్ల పెండ్లిళ్లన్నీ ఈడనే అయినయ్ సారూ."

సైదాబాద్ వెళ్లే దారిలో ఉన్న ఆ పాత టౌన్ హాలును అందరూ సంత హాలనే అంటారు. కింద రాతి స్తంభాల మధ్య కూరగాయల సంత. పైన ఒకప్పుడు ఊరి పెద్దలు కూర్చుని తీర్పులు చెప్పిన పొడవాటి గది. ఇప్పుడా జాగాలో షాపింగ్ కాంప్లెక్స్ లేవబోతోంది.

"మూసీ పొంగిన నాడు జనమంత గీ మెట్లెక్కే పానాలు దక్కించుకున్నరట. మా మామ పోచంపల్లి నుంచి చీరెల మూట తెచ్చి దించింది గీ స్తంభాల కిందనే. కర్ఫ్యూ పెట్టినప్పుడు ఈడ గంజి కాసి గల్లీ గల్లీకి పోసినం. గసుంటి దాన్ని ఒక్క పూటల కూలగొడ్తరా?" అంది భాగ్యమ్మ.

అలేఖ్య తల్లి నాగేశ్వరి కూడా వచ్చి వియ్యపురాలి పక్కన నిలబడింది.

"మేం గుడివాడ నుంచి వచ్చిన కొత్తలో మావారికి గది అద్దెకిచ్చినవాళ్లు లేరండీ. ట్యూషన్లు ఇక్కడే మొదలుపెట్టారు. ఆయన దగ్గర చదివిన పిల్లలు ఎంతమంది డాక్టర్లయ్యారో!"

ప్రసన్నకుమార్ ఫోన్ మోగింది. పై ఆఫీసరు.

"వచ్చేశాను సార్... లోపల పెళ్లి జరుగుతోంది సార్. అవును, పెళ్లే... పీటల మీద నుంచి లాగేయమంటారా? కింద సంతలో అందరూ వీడియోలు తీస్తున్నారు సార్."

ఫోన్ పెట్టేసి పంతులు వైపు తిరిగాడు. "త్వరగా కానివ్వండి స్వామీ."

"కన్యాదానానికి పిల్ల తండ్రి రావాలి కదండీ."

"ఏరీ?"

"విశ్వేశ్వరరావుగారు మెట్రోలో ఉన్నార్ట."

"కూతురి పెళ్లికి తండ్రి మెట్రోలో రావడమేంటండీ?"

అలేఖ్య మాటిమాటికీ గుమ్మం వైపు చూస్తోంది. నాగేశ్వరి చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని అటూ ఇటూ తిరుగుతోంది.

ఉన్నట్టుండి గోడ దడదడలాడింది. పైనుంచి సున్నం పెళ్లలు రాలి పందిట్లో పడ్డాయి. సన్నాయి ఆగిపోయింది. భాగ్యమ్మ పరుగున వెళ్లి కోడలి తల మీద కొంగు కప్పింది.

ప్రసన్నకుమార్ కిటికీలోంచి సగం బయటికి వంగి అరిచాడు.

"ఆపవయ్యా! పైన మనుషులున్నారు! నేను చెప్పేదాకా బండి కదిలిందో, ఊరుకోను!"

ఫోన్ మళ్లీ మోగింది. ఈసారి ఆయన తీయలేదు. నుదుటి చెమట తుడుచుకుని పంతులుతో అన్నాడు.

"మీరు కంగారుపడకండి. పద్ధతి ప్రకారం చేయించండి. ఒక్క మంత్రం కూడా వదలొద్దు."

పంతులు తెల్లబోయి, మళ్లీ గణపతి పూజ నుంచి అందుకున్నాడు.

అప్పుడు మెట్ల మీద చెప్పుల చప్పుడు. విశ్వేశ్వరరావు రొప్పుతూ వచ్చాడు. చొక్కా చెమటకు తడిసి ఒంటికి అంటుకుపోయింది. చేతిలో కాగితాలు.

"స్టే ఇచ్చారు! కోర్టు స్టే ఇచ్చింది! హాలు ముట్టుకోవడానికి వీల్లేదు!"

హాలంతా ఒక్కసారి లేచింది. నాగేశ్వరి ఏడ్చేసింది. నరేష్ పీటల మీది నుంచి ఎగిరి వచ్చి మామను కౌగిలించుకున్నాడు. అంతలో ఇంజనీరు కనపడి గతుక్కుమన్నాడు.

ప్రసన్నకుమార్ ఆ కాగితాలు తీసుకుని చివరిదాకా చదివాడు. కింద ఉన్న డ్రైవరుకు ఫోన్ చేశాడు. "బండి వెనక్కి తిప్పు. కోర్టు ఆర్డరొచ్చింది."

జేసీబీ చప్పుడు మెల్లగా గల్లీ దాటిపోయింది. ఇంజనీరు మాత్రం కదల్లేదు. పీటల వైపే చూస్తున్నాడు. భాగ్యమ్మ కొడుకు భుజం పట్టి పీటల వైపు నెట్టింది.

"కూసోండ్రి బిడ్డా, కూసోండ్రి. పెండ్లి నడుమల లేస్తరా ఎవలన్న? సారూ, మీరు గూడ పిల్లలను దీవించి, తిని పోవాలె."

నరేష్, అలేఖ్య తలలు దించుకుని మళ్లీ పీటల మీద కూర్చున్నారు. ప్రసన్నకుమార్ పళ్లెంలోంచి అక్షింతలు తీసి ఇద్దరి తలల మీదా చల్లాడు. తర్వాత అలేఖ్య వైపు కాస్త వంగి, నవ్వుతూ మెల్లగా అన్నాడు.

"ఆరేళ్ల కింద ఇదే హాల్లో మీ ఇద్దరికీ పెళ్లయిన రోజున కూడా వచ్చి అక్షింతలు వేశానమ్మా!"